ఐలీథియా: రావలసిన వేళకు రావలసిన దేవత

"ప్రాచీన గ్రీకుల్లో ప్రసవానికి దేవత ఎవరు? ఒకచోట హేరా అని, ఒకచోట ఆర్టెమిస్ అని, మరోచోట ఐలీథియా అని చదివాను. ముగ్గురూ ఒకరేనా? ఐలీథియాయే అసలు దేవత అయితే ఆమెకు కథలెందుకు లేవు?" అని మీరు అడిగారు.

అసలు దేవత ఐలీథియాయే. మిగతా ఇద్దరికీ కాన్పుతో సంబంధం ఉంది కానీ వాళ్ళ పని వేరు, దాని సంగతి కింద చెబుతాను. ఆమెకు కథలు లేవన్నది మాత్రం సగమే నిజం. కథలున్నాయి. అయితే పేరున్న ప్రతి కథలోనూ ఆమె ఇంకా రాకపోవడమే అసలు కథ. ఆమె వచ్చిందంటే బిడ్డ బయటపడుతుంది, అక్కడితో చెప్పడానికి ఏమీ ఉండదు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా కాన్పులు చేసిన డాక్టరుని. రాత్రి డ్యూటీల్లో గ్రీకు పురాణాలు, యాత్రా రచనలు అనువాదాల్లో చదవడం అలవాటైంది, ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. కాబట్టి ఈ దేవతను నేను చూసే చూపులో లేబర్ రూమ్ కొంత కలిసే ఉంటుంది.

ముందు ఆమె వయసు సంగతి. క్రీట్ ద్వీపంలో క్నోసోస్ రాజభవనం తవ్వకాల్లో మట్టి పలకలు దొరికాయి. భవనం తగలబడినప్పుడు ఆ మంటకే అవి కాలి గట్టిపడి మిగిలాయి. వాటి మీది లీనియర్ బి లిపిని మైఖేల్ వెంట్రిస్ 1952లో చదివి, అది గ్రీకు భాషేనని తేల్చాడు. ఆ పలకల్లో కావ్యాలు, స్తోత్రాలు లేవు. అన్నీ భవనం గుమాస్తాలు రాసుకున్న పద్దులే. ఒక పలక మీద ఇలా ఉంది: అమ్నిసోస్‌కు, ఎలెఉథియాకు తేనె, ఒక జాడీ. దాని కింద వరుసలో: అందరు దేవుళ్ళకూ తేనె, ఒక జాడీ. ఆ ఎలెఉథియాయే మన ఐలీథియా. రాసి 3,200 ఏళ్ళ పైమాటే, అంటే గ్రీకు ఆదికవి హోమర్ కన్నా కొన్ని శతాబ్దాల ముందు. దేవుళ్ళందరికీ కలిపి ఒక జాడీ, ఆమె ఒక్కదానికే ఒక జాడీ. ఆ గుమాస్తాకు ఇందులో విశేషమేమీ తోచి ఉండదు, చెప్పిన లెక్క రాసుకున్నాడంతే. నేను మాత్రం ఆ రెండు వరుసలూ మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

అమ్నిసోస్ అంటే క్నోసోస్‌కు రేవు, ఇప్పటి హెరాక్లియోన్ నగరానికి తూర్పున ఉంటుంది. అక్కడి కొండలో ఐలీథియా గుహ ఉంది. హోమర్ కావ్యం ఒడిస్సీలో మారువేషంలో ఉన్న ఒడిస్సియస్, భార్య పెనెలోపీకి కట్టుకథ చెబుతూ, తన గురించే వేరేవాడిలా "అమ్నిసోస్‌లో ఐలీథియా గుహ ఉన్నచోట, కష్టమైన రేవులో ఓడ ఆపాడు" అంటాడు. అబద్ధం అతికినట్టు ఉండాలంటే అందరికీ తెలిసిన గుర్తు ఒకటి చెప్పాలి కదా, ఆ గుర్తు ఈ గుహ. 1929-30లో స్పిరిడాన్ మారినాటోస్ దాన్ని తవ్వించాడు. గుహ పొడవు అరవై మీటర్ల పైచిలుకు. లోపల నేల నుంచి పైకి పెరిగిన సున్నపురాతి స్తంభం ఒకటి మనిషి ఆకారాన్ని తలపిస్తుంది, దాని చుట్టూ చిన్న గోడ కట్టి ఉంది. కొత్తరాతి యుగం నుంచి రోమన్ల కాలం దాకా అక్కడ మనుషులు వదిలిన కుండల పెంకులు దొరికాయి. చీకటి, తడి, ఇరుకు, బయటికి రావడానికి ఒకే దారి. గర్భం గురించి ఆలోచించిన మనిషికి గుహ ఎందుకు తట్టిందో వేరే చెప్పక్కర్లేదు.

పేరుకు అర్థం ఏమిటన్న దాని మీద పండితులు ఒక మాట మీద లేరు. "రావడం" అనే అర్థమున్న గ్రీకు క్రియ నుంచి పుట్టిందని, అంటే "వచ్చేది" అని కొందరు అంటారు. గ్రీకులు రాకముందు అక్కడ ఉన్నవాళ్ళ భాషలోని మాట అయి ఉంటుందని మరికొందరు. భాషాశాస్త్రం ఏం తేల్చినా, కథల్లో ఆమె పని మాత్రం రావడమే.

అపోలో పుట్టుక చూడండి. హోమర్ పేరు మీద చెలామణీ అయ్యే అపోలో స్తోత్రంలో ఇది వివరంగా ఉంది. లేటో అనే దేవత కడుపులో దేవుళ్ళ రాజు జ్యూస్ బిడ్డ పెరుగుతున్నాడు. భయంతో ఏ నేలా ఆమెకు చోటివ్వలేదు. చివరికి డెలోస్ అనే చిన్న రాతి దీవి ఒప్పుకుంది. నొప్పులు మొదలయ్యాయి. తొమ్మిది పగళ్ళు, తొమ్మిది రాత్రులు. రేయా, థెమిస్, డయోనే, ఆంఫిట్రైటీ, ఇంకా ఎందరో దేవతలు చుట్టూ ఉన్నారు. ఉండి ఏం లాభం? రావలసిన ఒక్కతే రాలేదు. ఐలీథియా ఒలింపస్ మీద బంగారు మబ్బుల కింద కూర్చుని ఉంది, కింద ఇంత జరుగుతున్నట్టు ఆమెకు తెలియనే తెలియదు. తెలియకుండా చేసింది జ్యూస్ భార్య హేరా. చివరికి మిగతా దేవతలు దూత ఐరిస్‌ను పంపారు, బంగారు తీగెలతో గుచ్చిన తొమ్మిది మూరల హారం ఇస్తామని చెప్పమన్నారు. హేరా చెవిన పడకుండా పక్కకు పిలిచి మరీ చెప్పమన్నారు. ఇద్దరూ బెదురు పావురాల్లా అడుగులు వేసుకుంటూ వచ్చారట. ఐలీథియా డెలోస్ మీద కాలు పెట్టిన క్షణానే లేటోకు కాన్పు నొప్పి ముంచుకొచ్చింది. ఖర్జూర చెట్టు చుట్టూ చేతులు వేసి పట్టుకుంది, మెత్తటి పచ్చిక మీద మోకాళ్ళు ఆనించింది, కింద నేల నవ్వింది, బిడ్డ వెలుగులోకి దూకాడు, దేవతలంతా ఒక్కసారి కేక పెట్టారు. స్తోత్రం మొత్తంలో ఐలీథియా ఒక్క మాట మాట్లాడదు, బిడ్డను కూడా ముట్టుకోదు. స్నానం చేయించి తెల్లటి బట్టలో చుట్టేది తక్కిన దేవతలు. ఆమె వచ్చింది, అంతే.

చెట్టు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చోవడం దగ్గర కొంచెం ఆగుతాను, ఇది కవి ఊహించి రాసింది కాదని నా నమ్మకం. ఉద్యోగంలో చేరిన కొత్తలో మేం ప్రతి తల్లినీ బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టేవాళ్ళం. మాకు నేర్పింది అదే. ఒక రాత్రి రెండో కాన్పుకు వచ్చిన ఒకావిడ, నేను పక్క మంచం దగ్గర ఉండగా, ఎవరూ చెప్పకుండానే కిందికి దిగి, మంచం కోడు రెండు చేతులా వాటేసుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. "అమ్మా, పైకి ఎక్కు" అని సిస్టర్ అంటూనే ఉంది. నాలుగు నొప్పుల్లో నీళ్ళాడింది. పాప సిస్టర్ చేతుల్లోకే జారింది. ఆ తర్వాత ఎప్పుడు లేటో ఖర్జూర చెట్టు గురించి చదివినా నాకు ఆ మంచం కోడే కనబడుతుంది. గ్రీసులో ఇది ఒక్క డెలోస్ కథే కాదు. క్రీ.శ. 2వ శతాబ్దంలో దేశమంతా తిరిగి గుళ్ళ గురించి రాసిన పౌసానియాస్, టెజియా ఊళ్ళో ఐలీథియా విగ్రహాన్ని జనం "మోకాళ్ళ మీది ఆగే" అని పిలుస్తారని చెప్పాడు. ఆగే అనే రాజకుమార్తె అక్కడే మోకాళ్ళ మీద పడి టెలిఫస్‌ను కన్నదట.

రెండో పెద్ద కథ హెరాక్లీజ్ పుట్టుక, మనవాళ్ళు హెర్క్యులస్ అంటారే, అతనిది. హోమర్ ఇంకో కావ్యం ఇలియడ్‌లో ఉన్నది ఇలా సాగుతుంది. ఈరోజు నా వంశంలో పుట్టేవాడు చుట్టుపక్కల అందరినీ ఏలుతాడని జ్యూస్ గొప్పలు పోయాడు. ఆ మాట మీద హేరా ఒట్టు వేయించుకుంది. వెంటనే ఆర్గోస్‌కు దిగి, స్థెనెలస్ భార్యకు ఇంకా ఏడో నెలే అయినా బిడ్డను బయటికి తెచ్చింది. ఇటు నెలలు నిండిన హెరాక్లీజ్ తల్లి అల్క్‌మెనే కాన్పు ఆపేసింది, ఐలీథియాలను పట్టి ఉంచింది. ఏడో నెల బిడ్డ యూరిస్థియస్ రాజయ్యాడు, హెరాక్లీజ్ జీవితమంతా అతని దగ్గర ఊడిగం చేశాడు. గమనించారా, ఇక్కడ "ఐలీథియాలు" అని బహువచనం. హోమర్ దగ్గర ఆమె ఒక్కోసారి ఒకతె, ఒక్కోసారి పలువురు. నొప్పి ఒకటే కాదు, ఒకదాని వెనక ఒకటి అలల్లా వస్తుంది కదా, అందుకే అలా అన్నారని నాకనిపిస్తుంది. అదే కావ్యంలో అగమెమ్నన్ ముంజేతికి ఈటె దిగినప్పుడు, రక్తం ఆరి గాయం సలపడం మొదలయ్యాక, ఆ బాధను కవి దేనితో పోల్చాడో తెలుసా? నొప్పులు పడే ఆడదానికి హేరా కూతుళ్ళు ఐలీథియాలు పంపే పదునైన బాణంతో. సైన్యాధిపతి నొప్పికి కొలబద్ద కాన్పు నొప్పి. యుద్ధం గురించిన కావ్యంలో ఇది చిన్న విషయం కాదు.

రోమన్ కవి ఓవిడ్ ఈ కథనే ఇంకా దగ్గరగా చూపించాడు. ప్రసవ దేవత గుమ్మం దగ్గర కూర్చుంది, కాలు మీద కాలు వేసుకుంది, వేళ్ళలో వేళ్ళు జొనిపి బిగించింది. ఆ ముడి విడనంతసేపు అల్క్‌మెనే కడుపులో బిడ్డ కదలదు. ఏడు రోజులు అలాగే గడిచాయి. గలంథిస్ అనే పరిచారిక ఇది కనిపెట్టి బయటికి వచ్చి, "మా అమ్మగారు నీళ్ళాడారు, శుభమా అని బిడ్డ పుట్టాడు" అని అబద్ధమాడింది. దేవత ఉలిక్కిపడి లేచింది, వేళ్ళు విడివడ్డాయి, లోపల కాన్పు అయిపోయింది. పాపం గలంథిస్‌ను ముంగిస లాంటి చిన్న జంతువుగా మార్చేసింది దేవత. ఇదే కథ తీబ్స్ నగరంలో ఇంకోలా చెప్పేవారు. అక్కడ అడ్డుపడ్డది హేరా పంపిన మంత్రగత్తెలు, వాళ్ళను బోల్తా కొట్టించింది జోస్యుడు టైరీసియస్ కూతురు హిస్టారిస్. మంత్రగత్తెలకు వినబడేలా బిడ్డ పుట్టినప్పుడు ఆడవాళ్ళు పెట్టే కేక పెట్టింది, వాళ్ళు నమ్మి వెళ్ళిపోయారు. ఆ కేకను గ్రీకులు ఒలొలుగే అనేవారు. బెంగాలీ పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ ఉలూధ్వని విన్నవాళ్ళకు అది ఎలా ఉంటుందో ఊహకు అందుతుంది. డెలోస్‌లో దేవతలు పెట్టినదీ అదే కేక.

ఈ ముడుల సంగతి కథతో ఆగలేదు. గర్భిణి పక్కన వేళ్ళు పెనవేసుకుని కూర్చోవడం చేతబడి లాంటిదని రోమన్ రచయిత ప్లినీ రాశాడు, అల్క్‌మెనే కథనే సాక్ష్యంగా చూపించాడు. ప్రసవ దేవతకు మొక్కేటప్పుడు గర్భిణి జుట్టు విప్పుకోవాలని ఓవిడ్ చెప్పాడు. గ్రీకు స్త్రీలు నడుముకు కట్టుకునే పట్టీ విప్పి దేవతలకు సమర్పించేవారు. కాన్పు గదిలో బిగించి ఉన్నదేదీ ఉండకూడదన్నది వాళ్ళ భావం. వైద్యపరంగా చూస్తే అది కాన్పును ఆపేదీ కాదు, జరిపించేదీ కాదు. కానీ భయంతో దవడలు, పిడికిళ్ళు బిగించుకున్న తల్లికి "వదులుగా ఉండమ్మా, చేతులు వదులు" అని ప్రతిరోజూ చెప్పిన మనిషిని, ఆ ఆలోచన ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు.

ఇక హేరా, ఆర్టెమిస్‌ల సంగతి. గ్రీకు కవి హెసియాడ్ లెక్కలో ఐలీథియా జ్యూస్‌కు, హేరాకు పుట్టిన కూతురు, హీబీ, ఆరీస్‌లకు తోబుట్టువు. హేరా పెళ్ళికి దేవత. సక్రమ సంతానం ఆమె పరిధి, అందుకే కూతుర్ని పంపడమూ ఆపడమూ ఆమె చేతిలో ఉన్నట్టు కథలు చెబుతాయి. ఆర్టెమిస్ కన్య, అడవిలో తిరిగే దేవత. తల్లి తనను నొప్పి లేకుండా కన్నది కనుక, పుట్టిన రోజే విధిదేవతలు కాన్పుల్లో సాయపడే పని తనకు అప్పగించారని గ్రీకు కవి కాలిమాకస్ స్తోత్రంలో ఆమే చెప్పుకుంటుంది. లోకియా, అంటే పురిటి దేవత, అన్న పేరుతో ఆమెకు పూజలు ఉండేవి. చాలాచోట్ల ఆర్టెమిస్-ఐలీథియా అని రెండు పేర్లూ కలిపి పిలిచారు. అయితే ఆర్టెమిస్ దగ్గర బాణం కూడా ఉంది. ఆడవాళ్ళు హఠాత్తుగా చనిపోతే ఆమె బాణం తగిలిందనేవారు. ఏథెన్స్ దగ్గర బ్రౌరాన్‌లో ఆర్టెమిస్ గుడి ఉంది. కాన్పులో ప్రాణం పోయిన స్త్రీలు ఇంట్లో విడిచిన మంచి నేత బట్టలు అక్కడ అగమెమ్నన్ కూతురు ఇఫిజెనియాకు సమర్పిస్తారని యూరిపిడీస్ నాటకంలో ఉంది. పిల్ల పెద్దదై పెళ్ళాడి తల్లి అయ్యేదాకా, లేదా కాకుండా పోయేదాకా, ఆ దారి మొత్తం ఆర్టెమిస్‌ది. ఐలీథియాది ఒక్క గడియ. మీరు చదివిన మూడు సమాధానాలూ తప్పు కాకపోవడానికి కారణం ఇది.

ఆ ఒక్క గడియ ఎలాంటిదో చెప్పడానికి ఐగియోన్ పట్టణంలోని విగ్రహాన్ని మించింది లేదు. చెక్కింది మెస్సీనీ శిల్పి డామోఫోన్. ఒళ్ళంతా చెక్క. ముఖం, చేతి వేళ్ళు, పాదాలు మాత్రం పెంటెలి పాలరాయి. తల నుంచి కాళ్ళ దాకా పలచటి బట్ట కప్పి ఉంచేవారు. ఒక చెయ్యి ముందుకు చాచి ఉంది, రెండో చేతిలో కాగడా. కాగడా ఎందుకని పౌసానియాస్ తనే ఆలోచించి రెండు జవాబులు రాశాడు. ఆడవాళ్ళకు నొప్పులు నిప్పులాంటివి కాబట్టి కావచ్చు, బిడ్డలను వెలుగులోకి తెచ్చేది ఆమే కాబట్టి కావచ్చు. రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకోకుండా వదిలేశాడు. అది నాకు చాలా నచ్చింది. రోమన్లు వెలుగు వైపే మొగ్గి ఆమెను లుకీనా అన్నారు, వాళ్ళ భాషలో వెలుగుకున్న మాట నుంచి. క్రీ.పూ. 17లో చక్రవర్తి ఆగస్టస్ జరిపిన శతాబ్ది ఉత్సవాల్లో మాత్రం గ్రీకు పేరుతోనే ఆమెను పిలిచి, టైబర్ నది ఒడ్డున రాత్రిపూట 27 రొట్టెలు నివేదించారు.

ఒలింపియాలో ఆమె గుడిలో ఒక బాలదేవుడికీ పూజ ఉండేది. ఆర్కేడియా సైన్యం మీదికి వచ్చినప్పుడు ఒకావిడ చంటిబిడ్డను తెచ్చి ఆ ప్రాంతపు ఈలియన్ల సేనానులకు ఇచ్చింది, బిడ్డను బట్టలు లేకుండా సైన్యం ముందు ఉంచారు, బిడ్డ పామై శత్రువు మీదికి పోయాడని కథ. ఆ బాలదేవుడు సోసిపోలిస్‌కు, ఐలీథియాకు ఒకే గుడి. పూజారిణిగా ముసలావిడ ఉండేది, తేనె కలిపిన బార్లీ రొట్టెలు పెట్టేది. క్నోసోస్ పలక మీది తేనె గుర్తొస్తుంది కదా.

ఇంత భక్తి ఉన్న చోటే నాకు మింగుడుపడనిది ఒకటుంది. గ్రీకులకు పురిటి మైల చాలా పట్టింపు. ఆలయ ప్రాంగణాల్లో కాన్పులు కూడదు. క్రీ.పూ. 426లో ఏథెన్స్ వాళ్ళు డెలోస్ దీవిని శుద్ధి చేశారు. సమాధులన్నీ తవ్వి తీసేసి, ఇకమీదట ఈ దీవి మీద ఎవరూ చావకూడదు, ఎవరూ పుట్టకూడదు అని కట్టడి చేశారు. నెలలు నిండినవాళ్ళను పడవలో పక్కనున్న రెనేయా దీవికి దాటించాలి. ఏ దీవి? లేటో చెట్టు పట్టుకుని బిడ్డను కన్న దీవి! ప్రపంచమంతా తరిమితే చోటిచ్చిన ఒకే ఒక నేల మీద ఆ తర్వాత ఏ తల్లికీ చోటు లేకుండా పోయింది. నొప్పులు వస్తున్న మనిషిని పడవ ఎక్కించడమంటే ఏమిటో, వరదల్లో గర్భిణులను పుట్టిలో దాటించిన ఊళ్ళవాళ్ళను అడిగితే చెబుతారు. ఎపిడారస్‌లోనూ ఇదే నియమం. అక్కడ వైద్యదేవుడు అస్క్లేపియస్ గుడికి దేశం నలుమూలల నుంచీ రోగులు వచ్చేవారు. నొప్పులు వచ్చిన ఆడవాళ్ళు, చావు దగ్గరపడ్డవాళ్ళు ప్రాంగణం బయట ఆరుబయట పడి ఉండేవారు. క్రీ.శ. 2వ శతాబ్దంలో ఆంటోనైనస్ అనే రోమన్ సెనేటర్ చూడలేక వాళ్ళకోసం బయట ఒక ఇల్లు కట్టించాడు. ఎపిడారస్‌లో అతను కట్టించిన వాటిలో నేను మొదట తలుచుకునేది ఆ ఇల్లే.

ఐలీథియా వచ్చేది గుళ్ళకు కాదు, ఇళ్ళకు. అక్కడ మంత్రసాని ఉండేది, గ్రీకులో మాయా అంటారు. సోక్రటీస్ తల్లి ఫైనారెటీ ఆ పనే చేసేదని ప్లేటో రాశాడు. ఆ పని ఎలా ఉండేదో బాగా తెలిసేది ఎఫెసస్‌కు చెందిన వైద్యుడు సొరానస్ రాసిన దాన్నిబట్టి. అతను క్రీ.శ. 2వ శతాబ్దం తొలి భాగంలో రోమ్‌లో వైద్యం చేశాడు. కాన్పుకు ఏం సిద్ధం చేసుకోవాలో వరుసగా చెబుతాడు: ఆలివ్ నూనె, వేడినీళ్ళు, మెత్తటి స్పాంజీలు, ఉన్ని, కట్లు, తలగడ, సొమ్మసిల్లితే వాసన చూపించడానికి ఆకులు, పళ్ళు, నడిమధ్య అర్ధచంద్రాకారపు కంత ఉన్న కాన్పు పీట. వెనక ఒకరు, పక్కల ఇద్దరు పట్టుకోవాలి, మంత్రసాని ఎదురుగా కొంచెం కిందగా కూర్చోవాలి, ధైర్యం చెబుతూ ఉండాలి. ఇంకో మాట కూడా చెప్పాడు. మంత్రసాని అదేపనిగా కిందికే చూస్తూ ఉండకూడదట, తల్లి సిగ్గుపడితే ఒళ్ళు బిగుసుకుంటుందట. ఆ ఒక్క వాక్యం మా జూనియర్లకు ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. మంచి మంత్రసానికి మూఢనమ్మకాలు ఉండకూడదని, కలనో శకునాన్నో పట్టుకుని చెయ్యాల్సిన పని ఆపకూడదని కూడా అన్నాడు. ఐలీథియాను పిలిచే ఇళ్ళలోనే ఈ మాట చెప్పాల్సి వచ్చింది. రెండూ ఒకే గదిలో ఉండేవి, మా లేబర్ రూమ్ గోడ మీద దేవుడి పటం, దాని కింద ఆక్సిజన్ సిలిండర్ ఉన్నట్టే.

కథలు తక్కువ అన్నారు కాబట్టి గ్రీకు కవి పిండార్ మాట ఒకటి చెప్పాలి. ఐజీనా దీవికి చెందిన ఒక కుర్రాడు ఆటల్లో గెలిస్తే రాసిన గీతాన్ని ఆయన ఐలీథియాతో మొదలుపెట్టాడు. నువ్వు లేకపోతే మేము పగలూ చూడం, చీకటి రాత్రీ చూడం, నీ తోబుట్టువు హీబీని, అంటే యౌవనాన్నీ, అందుకోలేం అన్నాడు. గెలిచినవాడి గురించి చెప్పబోతూ అతను పుట్టిన గడియ దగ్గర మొదలుపెట్టడం నాకు సబబుగానే తోస్తుంది.

వీటన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది మాత్రం పిండార్ గీతం కాదు, కాలిమాకస్ రాసిన నాలుగు పంక్తులు. లికైనిస్ అనే ఆమె సుఖంగా ప్రసవించి ఐలీథియా గుడిలో ఏదో కానుక పెట్టింది. ఇది ఆడపిల్ల పుట్టినందుకు, మగపిల్లాడు పుడితే నీ పరిమళాల గుడికి ఇంకొకటి ఇస్తాను అంటుంది. డిశ్చార్జి రోజు ఆ మాట నేను ఎన్ని గొంతుల్లో విన్నానో, విన్న ప్రతిసారీ మనసు చివుక్కుమనేది. కానీ లికైనిస్ ఆడపిల్లకు కూడా కానుక పెట్టింది, మొక్కు వాయిదా వేయలేదు. ఆమె బతికి ఉంది, పిల్ల బతికి ఉంది, తన కాళ్ళ మీద తను నడిచి గుడికి వచ్చింది. ఆ పద్యం మొదలయ్యే తీరు ఇదీ: "మళ్ళీ కూడా, ఐలీథియా, లికైనిస్ పిలిస్తే రా."